ప్లగ్ హోల్స్‌లోకి ఇంజన్ ఆయిల్ దిగుతోంది: సీళ్లు మార్చేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

కృష్ణలంక_కిరణ్

నా దగ్గర 2008 మోడల్ హోండా సీఆర్‌వీ ఉంది. 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజన్, అంటే కే24 రకం. కొంతకాలంగా ఉదయం స్టార్ట్ చేయగానే బండి వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండక ఇంజన్ తడబడటం) వస్తోంది, చెక్ ఇంజన్ లైటు వెలిగి మళ్లీ ఆరిపోతోంది. స్కానర్ పెట్టిస్తే పీ0303 అని కోడ్ చూపించింది, అంటే మిస్‌ఫైర్ మూడో సిలిండర్‌లోనే ఉంది. ఊళ్లో ఒక గ్యారేజీ వారు ఆ సిలిండర్ కాయిల్ (ప్లగ్‌కు అధిక వోల్టేజ్ ఇచ్చే భాగం) మార్చి, సమస్య తీరిపోయిందన్నారు. కొన్ని వారాలకే అదే కోడ్ తిరిగి వచ్చింది.

ఈసారి నేనే కాయిల్ ఊడదీసి చూశాను. దాని కింది రబ్బరు తొడుగు ఆయిల్‌లో నాని, ఉబ్బి, మెత్తబడిపోయింది. టార్చి వేసి చూస్తే ప్లగ్ పింగాణీ సగం దాకా ఆయిల్‌లో మునిగి ఉంది. రెండో సిలిండర్ హోల్‌లో కాస్త తడి కనిపిస్తోంది, ఒకటీ నాలుగూ పొడిగానే ఉన్నాయి. గ్యారేజీలో ఫొటో చూపిస్తే, ఆయిల్ తుడిచి ఇంకో కాయిల్ వేద్దామంటున్నారే తప్ప, ఆ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడం లేదు. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) కింద ఉండే ప్లగ్ ట్యూబ్ సీళ్లు పోయాయని నా అనుమానం. ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనేనా? సీళ్లు మాత్రం మారిస్తే చాలా, కవర్ అంచున ఉండే రబ్బరు ప్యాకింగ్ కూడా మార్చాలా?

ఆటోనగర్_పానా

మీ అనుమానం సరైనదే. మీ ఇంజన్‌లో రెండు క్యామ్ షాఫ్టుల (వాల్వులను తెరిచే ఇరుసుల) మధ్య నుంచి ప్లగ్ నేరుగా కిందికి దిగుతుంది. క్యాములు తిరిగే ఆ గదంతా ఎప్పుడూ ఆయిల్ చిమ్ముతూనే ఉంటుంది కాబట్టి, ప్లగ్ చుట్టూ ఒక ఇనుప ట్యూబ్ నిలబెడతారు. ట్యూబ్ కింది కొస సిలిండర్ల పైనుండే హెడ్‌లో బిగిసి ఉంటుంది, పై కొస ట్యాపెట్ కవర్‌ను ఆనుకునే చోట రబ్బరు సీల్ ఉంటుంది. ఆ సీల్ గట్టిపడితే చిమ్మిన ఆయిల్ ట్యూబ్ అంచు దాటి లోపలికి జారుతుంది. కాయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ వచ్చే దారి మూసుకోదు. నా అనుభవంలో ఇలాంటి బండ్లు షెడ్డుకు వచ్చేసరికి యజమాని అప్పటికే ఒకటో రెండో కాయిళ్లు కొని ఉంటాడు. సీళ్ల సెట్టు ధర సాధారణంగా ఒక్క కాయిల్ ధరకంటే తక్కువే, అందుకే చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

సీళ్లు, కవర్ ప్యాకింగ్, బోల్టుల కింది రబ్బరు వాషర్లు అన్నీ కలిపి ఒక సెట్టుగా దొరుకుతాయి. అన్నీ ఒకేసారి మార్చండి. కవర్ ఒకసారి లేపాక పాత ప్యాకింగ్ మళ్లీ అదే తీరులో కూర్చోదు.

గోదారి_గేరు

నాకు ఒక సందేహం ఉంది. ఇంజన్ ఆయిల్ విద్యుత్తును ప్రసరింపజేయదు, ట్రాన్స్‌ఫార్మర్లలో వాడేది కూడా ఆయిలే. అలాంటప్పుడు ప్లగ్ పింగాణీ చుట్టూ ఆయిల్ ఉంటే మిస్సింగ్ ఎందుకు రావాలి? కాయిల్ నిజంగానే పోయి ఉండవచ్చు, ఆయిల్ వేరే సమస్య కావచ్చు. రెండింటినీ ముడిపెట్టే ముందు మూడో కాయిల్‌ను నాలుగో సిలిండర్‌లోకి మార్చి, కోడ్ ఎటు పోతుందో చూడటం మంచిది.

ఆటోనగర్_పానా

కాయిల్ మార్చి చూసే పరీక్ష మంచిదే, చేయమనే చెబుతాను. అయితే అక్కడ చేరేది శుభ్రమైన ఆయిల్ కాదు. మసి, దుమ్ము, తేమ కలిసిన పాత ఆయిల్ అది. అంతకంటే ముఖ్యం రబ్బరు తొడుగు సంగతి. ఆయిల్‌లో నానిన తొడుగు ఉబ్బి పింగాణీని పట్టుకోవడం మానేస్తుంది. ఆ సందులోంచి స్పార్క్ పింగాణీ మీదుగా కిందికి పాకి, ప్లగ్ ఇనుప ఒంటికి తగులుతుంది. అలా ఒకసారి పాకితే పింగాణీ మీద సన్నటి నల్లగీత పడుతుంది, తర్వాత ప్రతిసారీ స్పార్క్ అదే దారి పడుతుంది. తొడుగు లోపలి వైపు కూడా అలాంటి గీతే ఉంటుంది. అందుకే పాత తొడుగుతో కొత్త ప్లగ్ వేసినా, పాత ప్లగ్‌తో కొత్త తొడుగు వేసినా మిస్సింగ్ పూర్తిగా పోదు.

గోదారి_గేరు

ఇప్పుడు అర్థమైంది. తొడుగు పట్టు వదలడం గురించి నేను ఆలోచించలేదు.

సీఎన్‌జీ_సవారీ

పైన చెప్పినదానికి మా టాక్సీ బండ్ల అనుభవం ఒకటి జోడిస్తాను. సీఎన్‌జీ మీద నడిచే బండిలో ఈ సమస్య ముందుగా బయటపడుతుంది. గ్యాస్ మిశ్రమంలో ప్లగ్ కొసల మధ్య స్పార్క్ దూకడానికి పెట్రోల్‌కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, కాబట్టి స్పార్క్ తేలికైన దారి వెతుక్కుని పింగాణీ వెంట పాకే అవకాశమూ ఎక్కువ. పెట్రోల్ మీద బండి బాగానే ఉండి గ్యాస్ మీద మాత్రమే మిస్సింగ్ వస్తే, చాలామంది వెంటనే గ్యాస్ కిట్టును అనుమానించి ట్యూనింగ్ చేయిస్తారు. దానికంటే ముందు కాయిళ్లు ఎత్తి హోల్స్‌లోకి టార్చి వేసి చూడాలి. నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు.

తెనాలి_టాప్‌గేర్

సీళ్లు దొరక్కపోతే ఖంగారు పడనక్కర్లేదు. పాత సీళ్ల చుట్టూ సిలికాన్ గమ్ పట్టించి కవర్ బిగిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. మా వైపు చాలామంది అలాగే చేస్తారు.

సుజాత_వైజాగ్

టాప్‌గేర్ గారూ, ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. ఆయిల్ తడి ఉన్న రబ్బరుకు గమ్ అంటుకోదు. అంటుకోని గమ్ ముక్కలు ముక్కలుగా ఊడి ఆయిల్‌లో పడి, చివరికి సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె)లోని వడపోత జాలీ దగ్గర చేరుతుంది. జాలీ మూసుకుంటే ఆయిల్ పంపుకు ఆయిల్ అందదు, అప్పుడు పోయేది సీల్ కాదు, బేరింగులు. కిరణ్ గారి ఇంజన్ వంటి వీటెక్ (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల కదలికను మార్చే హోండా పద్ధతి) ఇంజన్లలో వాల్వ్ మెకానిజానికి ఆయిల్ తీసుకెళ్లే సన్నటి దారులూ జాలీలూ కూడా ఉంటాయి, ఆయన ఇది గుర్తుంచుకోవాలి.

గమ్ వాడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. కే24లో చైన్ కేస్ (క్యాములను తిప్పే చైన్ మీది మూత) హెడ్‌ను కలిసే రెండు మూలల దగ్గరా, ఐదో నంబరు రాకర్ షాఫ్ట్ హోల్డర్ (వాల్వులను నొక్కే రాకర్ల ఇరుసును పట్టుకునే భాగం) అతుకు దగ్గరా కొద్దిగా పెట్టమని సర్వీస్ పుస్తకమే చెబుతుంది. మూడు ఉపరితలాలు కలిసే చోట రబ్బరు ప్యాకింగ్ ఒక్కటే సందును నింపలేదు కాబట్టి అక్కడ గమ్ అవసరం. మిగతా చోట్ల పొడిగా, శుభ్రంగా ఉండాలి.

తెనాలి_టాప్‌గేర్

మూలల సంగతి ఒప్పుకుంటాను. అయితే పల్లెటూళ్లలో సీళ్ల సెట్టు రావడానికి రోజులు పడుతుంది, బండి ఆపుకుని కూర్చోలేని వారి గురించి నేను చెప్పాను.

సుజాత_వైజాగ్

అలాంటి అవసరంలో గమ్‌కంటే మంచి దారి ఉంది. హోల్‌లోని ఆయిల్ తోడేసి, తొడుగు తుడిచి, సెట్టు వచ్చేదాకా కొన్ని రోజులకోసారి అదే చేస్తూ బండి నడుపుకోవచ్చు. ఇంజన్‌కు నష్టం ఉండదు. మిస్సింగ్ కొడుతుండగా మాత్రం దూరాలు తిప్పవద్దు, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. చెక్ ఇంజన్ లైటు స్థిరంగా వెలగడం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తుంటే బండి పక్కన ఆపాల్సిందే.

రబ్బరు_రసాయనం

సీళ్లు ఎందుకు పోతాయో కొంచెం వివరిస్తాను, ఎందుకంటే ఏ సీల్ కొనాలో దాన్నిబట్టే తెలుస్తుంది. రబ్బరు ఎప్పుడూ వేడిలో, నొక్కిపెట్టిన స్థితిలో ఉంటే దానిలోని అణు గొలుసుల మధ్య కొత్త బంధాలు ఏర్పడుతూ పోతాయి, మెత్తదనం ఇచ్చే పదార్థాలు మెల్లగా బయటికి పోతాయి. అప్పుడు రబ్బరు గట్టిపడటమే కాక, నొక్కిన ఆకారంలోనే ఉండిపోయి తిరిగి లేవదు. అంచు చూపుకు బాగానే ఉన్నా ట్యూబ్‌ను నొక్కి పట్టుకోదు.

మామూలు నైట్రైల్ రబ్బరు దీర్ఘకాలం తట్టుకునే వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్. ట్యాపెట్ కవర్ కింద, ముఖ్యంగా మన ఎండాకాలం ట్రాఫిక్‌లో, అది హద్దు దగ్గరే ఉంటుంది. పాలీయాక్రిలేట్ సుమారు 150 డిగ్రీల వరకు, ఫ్లోరో రబ్బరు 200 వరకు నిలుస్తాయి. బజారులో అతి చవకగా దొరికే సెట్లలో ఏ రబ్బరు వాడారో ప్యాకెట్ మీద రాయరు. పదహారు, పదిహేడేళ్లు పనిచేసిన సీల్ పోయిందంటే అది తయారీ లోపం కాదు, దాని ఆయుష్షు తీరింది. కొత్తది కూడా అంతకాలం రావాలంటే కంపెనీ సెట్టుగానీ, పేరున్న సీళ్ల తయారీదారు సెట్టుగానీ కొనండి.

పాతబండి_ప్రేమికుడు

ఆయిల్‌లో కలిపే లీకేజీ మందులు దొరుకుతున్నాయి కదా, వాటితో సీల్ మళ్లీ మెత్తబడదా? చిక్కటి ఆయిల్ పోస్తే కారడం తగ్గుతుందని కూడా విన్నాను.

రబ్బరు_రసాయనం

ఆ మందులు రబ్బరును ఉబ్బించి కొంతకాలం సందు మూస్తాయి. బంధాలు బిగుసుకుని గట్టిపడిన సీల్‌ను, పగిలిన సీల్‌ను అవి బాగుచేయలేవు. పైగా ఇంజన్‌లో బాగున్న మిగతా సీళ్లను కూడా ఉబ్బిస్తాయి. చిక్కటి ఆయిల్ వల్ల కారే వేగం కొద్దిగా తగ్గవచ్చు, కానీ ఆ ఇంజన్‌కు సూచించిన ఆయిల్‌నే పోయడం మంచిది.

ఓరుగల్లు_ఇంజన్

ఇంతవరకూ ఎవరూ పీసీవీ వాల్వ్ గురించి అడగలేదు. పిస్టన్ల పక్క నుంచి క్రాంక్ కేసు (ఇంజన్ అడుగు గది)లోకి దిగే గ్యాసును తిరిగి, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది. అది ఆయిల్ మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ఏ సీల్ దగ్గరైనా ఆయిల్‌ను బయటికి తోస్తుంది. కొత్త సీళ్లు వేసినా కొద్ది నెలల్లోనే మళ్లీ తడి కనిపించిన బండ్లలో నేను మొదట చూసేది దాన్నే. వాల్వ్ ఊడదీసి ఊపితే లోపల గలగల చప్పుడు రావాలి, రాకపోతే మార్చేయండి. దాని గొట్టం పగిలి ఉందేమో, లోపల మడ్డి పేరుకుందేమో కూడా చూడండి. కిరణ్ గారి బండి వయసుకు ఈ పరీక్ష తప్పనిసరి.

డాలస్_తెలుగు

అమెరికాలో పనివారి కూలి చాలా ఎక్కువ కాబట్టి ఇక్కడ మాలో చాలామంది ఈ పని సొంతంగానే చేసుకుంటాం. ఈ చర్చ చదివే వేరే బండ్ల వారి కోసం ఒక మాట చెబుతాను: అన్ని ఇంజన్లలో ఈ సీళ్లు ఒకే తీరుగా ఉండవు. కే24లో సీళ్లను ముందుగా ట్యూబుల మీద కూర్చోబెట్టి, పైన కవర్ పెట్టి, కవర్‌ను కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపి సీళ్లు సర్దుకునేలా చేయాలి. పాత టయోటా కామ్రీ 2.2 లీటర్ల 5ఎస్-ఎఫ్‌ఈ ఇంజన్‌లో సీళ్లు కవర్‌లోనే బిగించి ఉంటాయి. వాటిని పట్టుకున్న రేకు నాలుకలను పైకి వంచి, సీల్‌ను తట్టి బయటికి తీయాలి. నిస్సాన్ 3.5 లీటర్ల వీక్యూ35డీఈలో సీళ్లు కవర్‌తో కలిసే వస్తాయి, కంపెనీ వాటిని విడిగా అమ్మదు, కవర్ మొత్తం మార్చమంటుంది. 1998 నుంచి 2002 వరకు వచ్చిన అకార్డ్ 2.3 ఇంజన్‌లో పై సీళ్లతోపాటు రాకర్ అసెంబ్లీ అడుగున ఇంకో వరుస సీళ్లు ఉంటాయి. పైవి మార్చి కిందివి వదిలేస్తే ఆయిల్ ఆగదు, కిందివి మార్చాలంటే రాకర్ అసెంబ్లీ లేపాలి, అది ఇంటి దగ్గర మొదటిసారి చేసే పని కాదు. కాబట్టి కొనే ముందు మీ ఇంజన్ విడిభాగాల బొమ్మ చూడండి.

కృష్ణలంక_కిరణ్

అందరికీ కృతజ్ఞతలు. కాయిళ్లు మార్చి చూశాను, మూడో కాయిల్ నాలుగులోకి వెళ్లగానే కోడ్ పీ0304గా మారింది. గోదారి_గేరు గారు చెప్పినట్టు కాయిల్ కూడా దెబ్బతిన్నదని తేలింది, దాన్ని దెబ్బతీసింది మాత్రం ఆయిలే అని ఇప్పుడు అర్థమవుతోంది. కంపెనీ సెట్టు తెప్పించాను. పని మొదలుపెట్టే ముందు, హోల్‌లో నిండిన ఆయిల్‌ను ఏం చేయాలి? ప్లగ్ విప్పితే అదంతా సిలిండర్‌లోకి పోదా?

ఆటోనగర్_పానా

తప్పకుండా పోతుంది, అందుకే ప్లగ్ ముట్టుకోకముందే ఆయిల్ తీయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి, బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. పెద్ద సిరంజికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఆయిల్ పీల్చేయండి. అడుగున మిగిలినదాన్ని కమ్మీకి చుట్టిన నూలు గుడ్డతో అద్దండి, గుడ్డ జారి లోపల పడకుండా గట్టిగా కట్టాలి. ఎయిర్ కొట్టాలనుకుంటే కళ్లద్దాలు పెట్టుకోండి, ఆయిల్ మట్టితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. బ్రేక్ క్లీనర్ వాడితే పూర్తిగా ఆరేదాకా ఆగాలి. దాని ఆవిరి మంట అందుకుంటుంది కాబట్టి తడి ఉండగా స్టార్ట్ చేయకూడదు. పాత ప్లగ్‌లను ఇప్పుడే విప్పకండి, కవర్ పని అయ్యేదాకా సిలిండర్లకు అవే మూతలు. హోల్స్ శుభ్రం చేశాక, సీళ్లు వేసి కవర్ బిగించాక, ఆఖరున కొత్త ప్లగ్‌లు పెట్టండి.

కాయిల్ కనెక్టర్ల లాకులు ఎండిపోయి పెళుసుగా ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో లాగితే విరుగుతాయి. లాకును బొటనవేలితో నొక్కి, కనెక్టర్‌ను కొంచెం ముందుకు తోసి, ఆ తర్వాత వెనక్కి లాగండి.

కవర్ బోల్టులను అంచుల నుంచి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేయండి. కవర్ అంటుకుపోయి ఉంటే రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టండి. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అల్యూమినియం ముఖం గీసుకుపోతుంది, కొత్త ప్యాకింగ్ కూడా ఆ గీత దగ్గర కారుతుంది. హెడ్ ముఖాన్ని ప్లాస్టిక్ గీకుడు పట్టీతో శుభ్రం చేయండి. ఎమరీ కాగితం వద్దు, దాని గరుకు పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులను తినేస్తుంది. ఆ సమయంలో క్యామ్‌ల మీద పోగులు రాలని గుడ్డ కప్పి ఉంచండి. సీల్ లోపలి అంచుకు కొత్త ఇంజన్ ఆయిల్ చుక్క రాస్తే ట్యూబ్ మీద మడత పడకుండా దిగుతుంది.

సుజాత_వైజాగ్

బిగింపు గురించి కూడా చెప్పాలి. కే24 కవర్ బోల్టులకు 12 న్యూటన్ మీటర్లు, ప్లగ్‌లకు 18 న్యూటన్ మీటర్లు. బోల్టులను రెండు మూడు విడతలుగా, సర్వీస్ పుస్తకంలోని వరుసలో బిగించాలి. ఇవి ఆరు మిల్లీమీటర్ల సన్నటి బోల్టులు, చేతిబలంతో ఇంకా గట్టిగా తిప్పితే మర విరుగుతుంది, లేదా ప్యాకింగ్ నలిగి పక్కకు వస్తుంది. కారుతున్నదని మళ్లీ మళ్లీ బిగించే అలవాటు వల్లే చాలా హెడ్‌లలో మరలు పాడవుతున్నాయి. ప్లగ్‌ను మొదట చేత్తోనే మర పట్టించండి, రాచెట్‌తో మొదలుపెట్టవద్దు. గమ్ పెట్టిన తర్వాత ఐదు నిమిషాల్లోపే కవర్ కూర్చోబెట్టాలి, ఆ తర్వాత డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి బండి స్టార్ట్ చేయాలి.

అనంత_యానం

కాయిళ్లు తీసినప్పుడు ప్లగ్ పింగాణీ మీద, ఇనుప భాగానికి కాస్త పైన గోధుమరంగు పట్టీలాంటి మరక కనిపిస్తుంది. అది కూడా సీల్ పోయిన గుర్తేనా?

ఓరుగల్లు_ఇంజన్

కాదు. అధిక వోల్టేజ్ చుట్టూ గాలిలోని ఆయిల్ కణాలు ఆకర్షితమై పింగాణీకి అంటుకోవడం వల్ల ఆ మరక పడుతుంది, ప్లగ్ పనికి అడ్డం కాదు. నిలువుగా పాకిన సన్నటి నల్లగీత కనిపిస్తేనే ప్లగ్ మార్చాలి. అలాగే హోల్‌లో తడి ఉండి, అడుగున తుప్పు కూడా ఉంటే అది ఆయిల్ కాదు, నీళ్లు. ఇంజన్‌ను ప్రెషర్ నీళ్లతో కడిగించే బండ్లలో ఇది మామూలే. అక్కడ చూడాల్సింది ట్యూబ్ సీల్ కాదు, కాయిల్ పైభాగంలోని రబ్బరు మూత.

కృష్ణలంక_కిరణ్

పని పూర్తయింది. మూడో సిలిండర్ పాత సీల్ వేళ్లతో వంచగానే అప్పడంలా విరిగింది. రెండోది విరగలేదు కానీ లోపలి అంచు చదునుగా అణిగిపోయింది. ఒకటీ నాలుగూ సీళ్లు కూడా గోటితో నొక్కితే దిగనంత గట్టిగా ఉన్నాయి, కాబట్టి నాలుగూ మార్చమన్న మీ సలహా సరైనదే. పీసీవీ వాల్వ్ ఊపితే చప్పుడు రాలేదు, దాన్నీ మార్చాను. మూడో ప్లగ్ పింగాణీ మీద పానా గారు చెప్పిన నల్లగీత స్పష్టంగా ఉంది. కొత్త ప్లగ్‌లు, పాడైన మూడో కాయిల్ బదులు కొత్తది వేశాక కోడ్ చెరిపేశాను. బండి ఇప్పుడు వణకడం లేదు, ఫ్లైఓవర్ మీద మిస్సింగ్ లేదు.

ఒక్క సందేహం మిగిలింది. రెండో కాయిల్ తొడుగుకు కూడా కొద్దిగా ఆయిల్ తగిలింది, కానీ మిస్సింగ్ లేదు. దాన్ని అలాగే ఉంచవచ్చా?

ఆటోనగర్_పానా

తొడుగును పొడిగుడ్డతో లోపలా బయటా తుడిచి, పింగాణీ మీద పెట్టి లాగి చూడండి. గట్టిగా పట్టుకుని, లోపల నల్లగీత లేకుండా ఉంటే వాడుకోవచ్చు. వదులుగా జారుతుంటే ముందు తొడుగు విడిగా దొరుకుతుందేమో అడగండి, కొన్ని కాయిళ్లకు దొరుకుతుంది, అప్పుడు కాయిల్ మొత్తం కొనక్కర్లేదు. తొడుగు లోపలి అంచుకు డైఎలెక్ట్రిక్ (విద్యుత్తును ప్రసరింపజేయని) గ్రీజు పలుచగా రాయండి, మామూలు గ్రీజు రాయకండి. కొన్ని వారాలు తిరిగాక నాలుగు కాయిళ్లూ ఎత్తి టార్చి వేసి ఒకసారి చూసి, ట్యూబ్ గోడలు పొడిగా ఉన్నాయో లేదో ఇక్కడ రాయండి.